పక్కచూపు

గోడకు తగిలించే పటం అంటే మన ఇళ్ళల్లో ఒక లెక్క ఉంది. మనిషి ఎదురుగా కూర్చోవాలి. తిన్నగా మన వంకే చూడాలి. చెవులు రెండూ కనబడాలి. ఒక చెవి కనబడలేదో, "అయ్యో, పటం సరిగ్గా కుదరలేదే" అని పెదవి విరిచేస్తాం. మొన్నమొన్నటిదాకా నాదీ అదే లెక్క. లేపాక్షి గుడి కప్పుకేసి మెడ పట్టేసేదాకా చూసి వచ్చాక ఆ లెక్క కాస్తా తారుమారయింది.

నేనేదో చిత్రకళ చదువుకున్నదాన్నని అనుకునేరు సుమా! నాకు వచ్చిన బొమ్మలల్లా వాకిట్లో ముగ్గులే. అవీ చుక్కలు పెడితేనే.

సంగతేమిటంటే, మా నాయన పోయి ఏడాది కావచ్చింది. 82వ ఏట, ఎవరిచేతా చేయించుకోకుండా, పొద్దున్నే కాఫీ తాగి పేపరు చదువుతూ వెళ్ళిపోయారు. సంవత్సరికాలకని పది రోజులు ముందుగానే హైదరాబాదు నుంచి హిందూపురం వెళ్ళాను. వెళ్ళిన సాయంత్రమే అమ్మ చింతపండులో గింజలు తీస్తూ, "మీ నాయనకు ఒక పటం చేయించల్ల పాపా. అందరూ వచ్చేసరికి గోడ మీద ఉండల్ల" అంది.

మా ఇంట్లో ఫోటోలకు కొదవ లేదు. బిస్కట్ల డబ్బా నిండా ఉన్నాయి. చాలావాటిలో నాయన ఉన్నారు కూడా, ఎవరో ఒకరి భుజం వెనకాల. ఆయన ఒక్కరే ఉన్న ఫోటో మాత్రం డబ్బా అంతా బోర్లిస్తే ఒక్కటి దొరికింది. తపాలా బిళ్ళ కన్నా కాస్త పెద్దది, అంతే. అది చూడగానే అమ్మ నా చేతిలోంచి లాక్కుని డబ్బా అడుక్కి తోసేసింది.

దానికో కథ ఉంది. 1983లో నాయన ఒక సహకార సంఘంలో క్యాషియరు. ఆడిట్లో 4,200 రూపాయలు తక్కువ తేలాయి. ఇవాళ ఆ సొమ్ముకి ఒక మంచి పట్టుచీర కూడా రాదు గానీ, ఆ రోజుల్లో అది నాయనకు అయిదారు నెలల జీతం. సస్పెండు చేశారు. 14 నెలలు ఇంట్లో కూర్చున్నారు. తీరా చూస్తే డబ్బు ఎక్కడికీ పోలేదు. జమ రసీదు ఒకటి పుస్తకంలో రెండుసార్లు ఎక్కింది, అంతే! మళ్ళీ ఉద్యోగంలోకి తీసుకున్నారు. ఆగిపోయిన జీతమూ ఇచ్చారు. ఊరికి మాత్రం కథలో మొదటి సగమే గుర్తుండిపోయింది. నేను కాలేజీలో చేరేనాటికి కూడా "ఆ డబ్బు పోయిందే, ఆ క్యాషియరు కూతురు" అనేవాళ్ళు. డబ్బు దొరికిన క్యాషియరు కూతురని ఒక్కరన్నా అన్న పాపాన పోలేదు.

ఆ 14 నెలల్లో పెట్టుకున్న అర్జీకి అంటించడానికని తీయించిన ఫోటో అది. అందులో నాయన తిన్నగా చూస్తున్నారు. చెవులు రెండూ ఉన్నాయి. పటానికి ఉండవలసిన లక్షణాలన్నీ ఉన్నాయి. కానీ ఆ కళ్ళు "నేను తీయలేదండీ" అని ఎదుటివాళ్ళకు చెప్పుకుంటున్నట్టే ఉంటాయి.

"అది మీ నాయన మొగం కాదు. అర్జీ మొగం" అంది అమ్మ. ఆ మాటతో ఆ ఫోటో సంగతి అయిపోయింది.

ఇక మిగిలింది నా పెళ్ళిలో, 1993లో తీసిన గ్రూపు ఫోటో. 30 మందిమి ఉన్నాం. 29 మందిమీ కెమేరా వంకే చూస్తున్నాం. నాయన ఒక్కరే వరసలో ఎడమ చివర నిలబడి, ముఖం పక్కకు తిప్పి ఎటో చూస్తున్నారు. ఒక చెవే కనబడుతుంది. ఫోటో చేతికొచ్చిన నాటి నుంచీ అమ్మ దెప్పుతూనే ఉంది, "ఒక్క నిమిషం కుదురుగా చూడలేకపోతిరా? కూతురి పెళ్ళి ఫోటో పాడుచేస్తిరి" అని. మావారైతే దానికి "మామగారి పక్కచూపు ఫోటో" అని పేరు కూడా పెట్టారు. నాయన మాత్రం అన్నింటికీ నవ్వి ఊరుకునేవారు.

సరే, ఆ ఫోటోనే పట్టుకుని బజార్లో కంప్యూటరు మీద ఫోటోలు బాగుచేసే దుకాణానికి వెళ్ళాం. ఆ అబ్బాయి చాలా మర్యాదస్తుడు. "కూర్చోండి మేడమ్, అయిదు నిమిషాలు" అని, నాయన ముఖాన్ని కత్తిరించి, ముడతలు తుడిచి, ముఖాన్ని తిన్నగా తిప్పినట్టు చేసి, కింద నీలం రంగు కోటూ టై తగిలించి, వెనకాల మంచు కొండా జలపాతమూ పెట్టేశాడు. అమ్మ కళ్ళజోడు సవరించుకుని చూసి, "ఎవరు నాయనా ఇది? పెళ్ళికొడుకా?" అంది. ఆ అబ్బాయి ఏమీ నొచ్చుకోలేదు. "కోటు వద్దంటే పంచె వేస్తాను అమ్మమ్మా" అన్నాడు. మేం నెమ్మదిగా లేచి వచ్చేశాం.

ఆఖరికి చేత్తో బొమ్మలు వేసే పెద్దాయన ఒకరున్నారని తెలిసింది. వెనకటికి దుకాణాల బోర్డులూ, సినిమా బ్యానర్లూ రాసేవారట. ఆయన మా రెండు ఫోటోలనూ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూశారు. చిన్నదాన్ని కూడా నేను రహస్యంగా సంచీలో పెట్టుకుని వెళ్ళాను లెండి. చూసి మూడు ప్రశ్నలు వేశారు. "వెనకాల ఏం రంగు వేయమంటారు? మనిషి ఎక్కడ ఉండాల, పటం నడుమనా, పక్కనా? ఎటు చూడాల?"

మొదటి రెండింటికీ తోచిందేదో చెప్పాను. మూడోదానికి, "ఎటు చూడడమేమిటండీ, మన వంకే కదా!" అన్నాను.

ఆయన నవ్వి, "తొందర లేదమ్మా. లేపాక్షి దగ్గరే కదా, ఒకతూరి పోయి రాండి. లోపల మండపం కప్పు మీద విరూపణ్ణ ఉంటాడు. ఆయనను చూసొచ్చి చెప్పండి" అన్నారు.

హిందూపురంలో పుట్టి పెరిగినదాన్ని. లేపాక్షి 15 కిలోమీటర్లే. చిన్నప్పుడు బడి పిల్లలతో ఎన్నోసార్లు వెళ్ళాను. బసవన్న ముందు నిలబడి ఫోటో దిగడం, వేలాడే స్తంభం కింద తువ్వాలు దూర్చి ఇవతలికి లాగడం, పులిహోర తినడం: ఇదే నాకు తెలిసిన లేపాక్షి. కప్పు మీద బొమ్మలు ఉన్నాయని తెలుసు. మన ఇంటి కప్పు మీద ఫ్యాను ఉందని తెలిసినట్టే, చూడకుండా తెలుసు.

మర్నాడు పొద్దున్నే అమ్మా నేనూ ఆటోలో బయలుదేరాం. ఊళ్ళోకి అడుగుపెట్టగానే మన బసవన్న ఎప్పట్లాగే ఠీవిగా కూర్చుని ఉన్నాడు. ఒకే రాయిలో చెక్కిన 27 అడుగుల పొడవు, 15 అడుగుల ఎత్తు విగ్రహం. అక్కణ్ణుంచి తాబేలు వీపులాంటి కూర్మశైలం మీద వీరభద్రస్వామి గుడి. విజయనగరాన్ని అచ్యుతదేవరాయలు పాలించిన (1529 నుంచి 1542) కాలంలో, 1530ల ప్రాంతంలో, విరూపణ్ణ, వీరణ్ణ అనే అన్నదమ్ములు కట్టించింది. పెనుకొండలో రాయలవారి పనిలో ఉన్నవాళ్ళు వాళ్ళు. అప్పటికి ఈ సీమ అంతటికీ పెనుకొండే పెద్ద దిక్కు మరి. గోడల మీది శాసనాలు కన్నడంలో ఉన్నాయి. హిందూపురం మనుషులం మనకు అదేమీ వింత కాదు కదా! సగం చుట్టాలు అటే.

లోపల ప్రాకారం గోడ దగ్గర జనం గుమిగూడి ఉన్నారు. ఒక గైడు కథ చెబుతున్నాడు. మీరూ వినే ఉంటారు. విరూపణ్ణ రాయలవారి కోశాధికారి. రాజు అనుమతి లేకుండా ఖజానా సొమ్ము గుడికి ఖర్చు పెట్టేశాడని ఎవరో చాడీలు చెప్పారు. కళ్ళు పీకించమని రాజు ఆజ్ఞ. ఆ శిక్ష తానే వేసుకుంటానని విరూపణ్ణ తన కళ్ళు తానే పెరికి గోడకు విసిరికొట్టాడు. ఆ రెండు ఎర్రటి మరకలే ఇవి. ఆ సగంలో ఆగిపోయిన కల్యాణమండపం అదిగో. కళ్ళ పేరు మీదనే లేపాక్షి అన్న పేరు వచ్చిందని కొందరూ, రాములవారు జటాయువును "లే పక్షీ" అన్నందుకు వచ్చిందని కొందరూ అంటారు. ఇది జనం చెప్పుకునే కథ. ఎంత జరిగిందో, ఎంత అల్లారో, ఆ గోడకే తెలియాలి.

జనం అందరూ ఆ మరకలను సెల్‌ఫోన్లతో ఫోటోలు తీసుకుంటున్నారు. నేనూ సంచీలోంచి ఫోను తీశాను. అమ్మ మాత్రం గైడును ఒక్క ప్రశ్న అడిగింది.

"లెక్క ఎవురన్నా చూసినారా నాయనా?"

అతనికి అర్థం కాలేదు. "ఏం లెక్కమ్మా?"

"అదే, ఖజానా లెక్క. నిజంగా తగ్గిందా, లేదా అని."

గైడు తల గోక్కున్నాడు. నేను ఫోను మళ్ళీ సంచీలో పెట్టేసుకున్నాను. ఎందుకో ఆ మరకలను ఫోటో తీయబుద్ధి కాలేదు.

అక్కణ్ణుంచి నాట్యమండపంలోకి వచ్చాం. ఇక్కడ వెలుతురు బాగా పడుతుంది. కప్పు మీద పొడుగ్గా పట్టీలు పట్టీలుగా బొమ్మలు: పార్వతీ కల్యాణం, కిరాతార్జునీయం, ద్రౌపదీ స్వయంవరం, రాములవారి పట్టాభిషేకం. అమ్మకు మెడ నొప్పి. తల ఎత్తలేదు. నా సంచీలో బొట్టు దిద్దుకునే చిన్న అద్దం ఉంటే ఇచ్చాను. ఆవిడ ఒక స్తంభానికి ఆనుకుని కూర్చుని, ఒళ్ళో అద్దం పెట్టుకుని, కప్పును అద్దంలో చూడడం మొదలుపెట్టింది. మిగతావాళ్ళమంతా కొంగల్లా మెడలు సాచి చూస్తుంటే ఆవిడ మాత్రం పురాణం పుస్తకం చదువుకుంటున్నట్టు తీరిగ్గా చూసింది.

"చూడు పాపా, ఒక్క చీర మాదిరి ఇంకొక చీర లేదు" అంది.

నిజమే. వరసగా నిలబడిన ఆడవాళ్ళు. పెద్ద పెద్ద కొప్పులు. ఒకామెది గళ్ళ చీర, ఒకామెది చారలు, ఇంకొకామెది పువ్వులు. ముఖాలన్నీ దాదాపు ఒకటే అచ్చు: కోటేరేసిన ముక్కు, చెవిదాకా సాగిన కన్ను. బట్టలు మాత్రం ఎవరివి వాళ్ళవే. మా అమ్మ పెళ్ళిచీర ధర్మవరంలో కొన్నది. అరక్కు రంగు, ఆకుపచ్చ అంచు. నాయన సస్పెండయిన రోజుల్లో అమ్మ గాజులు పోయాయి. పాత జరీ కొనేవాళ్ళకు ఆ చీర కూడా ఇచ్చేయమని ఎవరో సలహా చెబితే, "గాజులు మళ్ళీ చేయించుకోవచ్చు, ఆ చీర మళ్ళీ నేయించలేం" అని దాచుకుంది. నా పెళ్ళిలో ఆవిడ కట్టుకున్నది ఆ చీరే. అలాంటావిడ కప్పు మీది అంచులన్నీ అద్దంలో ఒక్కొక్కటే లెక్కబెడుతుంటే, ఆ బొమ్మలు చూడడానికి నాకన్నా ఆవిడకే ఎక్కువ చదువుందనిపించింది.

అక్కడ నుంచి గర్భగుడి ముందరి మండపంలోకి వెళ్ళాం. వెలుతురు తక్కువ. కళ్ళు అలవాటు పడడానికి కాస్సేపు పడుతుంది. పైన కప్పు మీద బ్రహ్మాండమైన వీరభద్రుడు. అదే కప్పులో ఒకచోట మా పెద్దాయన చెప్పిన మనిషి. విరూపణ్ణ, పక్కన వీరణ్ణ, వెనకాల పరివారం. స్వామివారి విభూతి ప్రసాదం అందుకుంటూ నిలబడ్డారు.

చూడగానే నాకు కలిగిన మొదటి భావం ఏమిటో తెలుసా? నిరాశ! అయిదు వందల ఏళ్ళు కావస్తోంది కదా, సున్నం అక్కడక్కడా పెచ్చులూడింది. రంగు వెలిసింది. పైగా మనిషి మన వంక చూడడే! కానీ పెద్దాయన మూడు ప్రశ్నలు వేసి పంపారు గనక, పరీక్ష రాసేదానిలా ఒక్కొక్క ప్రశ్నకూ జవాబు వెతకడం మొదలుపెట్టాను.

మొదటిది రంగు. బొమ్మల వెనకాల నేలంతా జేగురు ఎరుపు. ఇంటి గడపకూ అరుగుకూ మనం పూసుకునే ఎర్రమన్ను రంగే. దాని మీద తెలుపు, నలుపు, పసుపుమన్ను రంగు, ఆకుపచ్చ. అంతే, వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. నీలం నా కంటికి ఆనలేదు. మట్టీ, రాయీ, మసీ, సున్నమూ, ఇవే రంగుల పెట్టె. ఎర్రమన్ను అలికిన వాకిట్లో తెల్ల ముగ్గు ఎలా పైకి లేచి కనబడుతుందో, ఆ ఎరుపు మీద వీళ్ళ తెల్లటి బట్టలు అలా పైకి కనబడుతున్నాయి. చీకటి మండపంలో నిలబడ్డ మనిషికి కింద నుంచి కనబడాలంటే ఇంతకన్నా ఉపాయం లేదు కాబోలు.

ఇంకొకటి గమనించాను. నీడ లేదు. మన ఇళ్ళల్లో రవివర్మ బొమ్మలున్న క్యాలెండర్లు చూసి పెరిగాం కదా, బుగ్గ మీద వెలుగూ, మెడ కింద నీడా ఉంటేగాని బొమ్మ అనిపించదు మనకు. ఇక్కడ రంగు పలకకు పూసినట్టు సమంగా పూసి ఊరుకున్నారు. ఏ పొద్దున, ఏ దీపం ముందు నిలబడ్డాడన్న ఊసే లేదు. అంచేత ఆ మనిషికి సాయంత్రం కాదు. ఎప్పుడు చూసినా అదే వెలుగు.

రెండోది గీత. రాతి కప్పుకు సున్నపు పూత పూసి, గీతలు గీసుకుని, రంగులు నింపి, పైన నల్లగీత దిద్దిన పని. మన రంగుముగ్గు వరసే అనుకోండి. కాకపోతే మనం నేల మీద వంగి వేస్తాం, వాళ్ళు తల పైకెత్తి, చెయ్యి పైకెత్తి వేశారు. ఇంట్లో బూజు దులిపితేనే మన భుజాలు పడిపోతాయే, మరి ఆ మహానుభావులు అంత పొడవు కప్పు మీద ముక్కు గీతా, వేళ్ళ కొసలూ ఎక్కడా తడబడకుండా ఎలా లాగారో! విరూపణ్ణ ముఖంలో ఉన్నదంతా గీతే. ఒక గీత నుదురు, అదే జారి ముక్కు. కన్నేమో పెద్దది, బాగా తెరిచి ఉన్నది.

ఆ కన్ను దగ్గర ఆగిపోయాను. బయట గోడ దగ్గర ఆయనకు కళ్ళు లేవు. ఇక్కడ చూస్తే ముఖం మొత్తానికీ కన్నే పెద్దది. జనమంతా ఆ గోడ దగ్గరే ఉన్నారు. ఈ కప్పు కింద అమ్మా నేనూ తప్ప ఎవరూ లేరు.

మూడోది, ఎవరు ఎక్కడ నిలబడ్డారన్నది. అన్నదమ్ములిద్దరి తలలకూ పొడుగాటి కుళ్ళాయిలు. తిరుమలలో ఇద్దరు రాణులతో చేతులు జోడించి నిలబడిన కృష్ణదేవరాయల విగ్రహానికి ఉంటుందే, ఆ మాదిరివి. వెనకాల పరివారం వరసగా. ముక్కూ మూతీ చూస్తే ఎవరు ఎవరో చెప్పలేం. కుళ్ళాయీ, నగలూ, వరసలో స్థానమూ చూసి వీళ్ళే గుడి కట్టించినవాళ్ళని పోల్చుకోవాలి. అంటే "నా ముఖం ఇలా ఉండేది" అని చెప్పడానికి వేయించుకున్న బొమ్మ కాదది. "నేను ఇక్కడ నిలబడ్డాను" అని చెప్పడానికి వేయించుకున్నది.

ఆ రాత్రి ఫోనులో చూస్తుంటే యూరపులో గెంట్ అనే ఊళ్ళో ఉన్న చర్చి పటం ఒకటి కనబడింది. వాన్ ఐక్ అన్నదమ్ముల పేరు మీద ఉంది. 1432లో పూర్తయింది. దానికి డబ్బిచ్చిన దంపతులను కూడా పటంలోనే చిత్రించారు. ఆ చిత్రకారుడు ముసలాయన ముఖంలో ముడత కూడా వదలకుండా వేశాడు. లేపాక్షి పద్ధతికి పూర్తిగా వ్యతిరేకం. అయినా ఆ దంపతులు కూడా మోకాళ్ళ మీద వంగి, చేతులు జోడించి, తమ దేవుడి వైపే చూస్తున్నారు గాని మన వంక చూడరు. సముద్రాలకు అటొకరూ ఇటొకరూ, ఒకరి సంగతి ఒకరికి తెలియదు. డబ్బు పెట్టి బొమ్మ వేయించుకున్నా, బొమ్మలో మాత్రం మనకేసి చూడరాదన్న బుద్ధి ఇద్దరికీ ఒకటే!

ఎందుకంటారు? లోపలి మండపంలో మెడ పట్టుకుని నిలబడ్డప్పుడే నాకు తోచిన జవాబు ఇది. ఎదురుగా చూసే ముఖం మనల్ని ఏదో ఒకటి అడుగుతుంది. "నేను బాగున్నానా? నన్ను నమ్ముతావా? నా మీద నీ తీర్పేమిటి?" అని. అర్జీ మీద ఫోటో తిన్నగానే ఉండాలని రూలు పెట్టింది అందుకే కాబోలు, తీర్పు చెప్పేవాళ్ళు ఆ కళ్ళలోకి చూడాలి గనక. పక్కకు తిరిగిన ముఖం మనల్ని ఏమీ అడగదు. దానికి మనతో పని లేదు. విరూపణ్ణ మీద రాజు ఏమనుకున్నాడో, చాడీలు చెప్పినవాడు ఏమనుకున్నాడో, గైడు ఏం చెబుతున్నాడో, ఆ కప్పు మీది మనిషికి పట్టలేదు. లెక్క చెప్పుకోవలసింది ఎవరికో ఆయన వంకే చూస్తున్నాడు, అంతే. రాజుగారి శిక్ష నిజమే అనుకున్నా, ఈ బొమ్మలో కన్నును ఎవరూ పెరకలేకపోయారు.

వెనక్కి తిరిగి చూస్తే అమ్మ అద్దాన్ని అటూ ఇటూ తిప్పుతూ చూస్తోంది. "ఏమ్మా?" అన్నాను.

"ఏం లేదు. వీళ్ళు ఎటు చూస్తాండారో ఆ దావనే అద్దం జరుపుకుంటా పోతే సామి కనపడతాడేమోనని" అంది.

ఇంటికి రాగానే అమ్మ కాళ్ళు కూడా కడుక్కోకుండా బిస్కట్ల డబ్బా తీసింది. నా పెళ్ళి ఫోటోను ఒళ్ళో పెట్టుకుంది. వరసలో ఎడమ చివర నాయన. ఆయన కన్ను దగ్గర వేలు పెట్టి, ఆ చూపు పోయిన దారినే వేలు మెల్లిగా జరుపుకుంటూ వెళ్ళింది. మా అత్తగారిని దాటింది. మమ్మల్నిద్దరినీ దాటింది. పెదనాన్ననూ, పిన్నమ్మనూ, ఎవరి చంకలోనో ఏడుస్తున్న పిల్లనూ దాటింది. కుడి చివర ఆగింది.

ఆ చివర ఉన్నది అమ్మే. అరక్కు రంగు చీర కొంగు నడుముకు దోపుకుని, చెమటతో, అప్పుడే వంటల దగ్గర నుంచి పరుగెత్తుకొచ్చి నిలబడింది. ఫోటోగ్రాఫరు తొందర పెడుతుంటే "ఉండండి, ఆమె రానీ" అని నాయన రెండుసార్లు ఆపడం నాకిప్పటికీ గుర్తుంది. వచ్చిందా లేదా అని చూస్తుండగానే క్లిక్కుమనిపించేశాడు. అమ్మ మాత్రం బుద్ధిగా కెమేరా వంకే చూస్తోంది. అందుకే ఆవిడకు ఇన్నేళ్ళూ తెలియలేదు.

అమ్మ ఏమీ మాట్లాడలేదు. ఫోటోను కొంగుతో తుడిచి నా చేతికిచ్చింది. "ముప్పయ్యేండ్లు ఊరికే తిడితినే మనిషిని" అని లేచి పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయింది.

మర్నాడు పెద్దాయన దగ్గరికి ఈసారి అమ్మే ముందు నడిచింది. మూడు ప్రశ్నలకూ తనే జవాబు చెప్పింది. వెనకాల రంగు అరక్కు ఎరుపు. అంగుళం ముక్క చీర అంచు కూడా చూపించింది. మనిషి పటం నడుమ వద్దు, కాస్త ఎడమకు జరిగి ఉండాలి, చూపు పోవడానికి ముందర చోటు ఉండాలి కదా! ముఖం ఫోటోలో ఎలా ఉందో అలాగే. ముడతలు తుడవద్దు. కోటు వేయవద్దు.

పెద్దాయన అన్నీ విని, "చూసొచ్చినారనమాట" అన్నారు.

పటం సంవత్సరికాలకు రెండు రోజుల ముందు వచ్చింది. దానికి మేకు ఎక్కడ కొట్టాలన్నది పెద్ద చర్చ అయింది. మా తమ్ముడు బెంగుళూరు నుంచి వచ్చి, హాల్లో టీవీ పైన బాగుంటుందన్నాడు. అమ్మ ఒప్పుకోలేదు. పటం వాడి చేత పట్టించి, గోడ పొడుగునా జరిపించి జరిపించి, తను వెళ్ళి వంటింటి గడప మీద నిలబడి, "ఇంకొంచెం... ఇంకొంచెం... ఆ, అక్కడ కొట్టు" అంది. తమ్ముడికి ఏమీ అర్థం కాలేదు. నేనూ చెప్పలేదు.

సంవత్సరికాల నాడు చుట్టాలంతా వచ్చారు. పటం చూసి అందరూ బాగుందన్నారు. ఒక్క మా మేనమామ మాత్రం దాని ముందు నిలబడి, తల ఒకసారి ఇటూ ఒకసారి అటూ వంచి చూసి, "అంతా బాగుంది గానీ అక్కా, బావ ఎటో చూస్తాండాడే!" అన్నాడు.

"ఎటో కాదులేరా" అని, అమ్మ విస్తళ్ళు వేయించడానికి వంటింట్లోకి వెళ్ళిపోయింది.